గోదావరి గట్లమీద గాలిపంపు

పిల్లలూ, రాజమహేంద్రవరానికి దిగువన ఉన్న గోదావరి డెల్టా పటాన్ని ఒకసారి బల్లమీద పరచి చూడండి. ధవళేశ్వరం దాకా ఒక్కటిగా వచ్చిన నది అక్కడ గౌతమి, వసిష్ఠ అని రెండు పెద్ద పాయలుగా చీలిపోతుంది. వసిష్ఠలోనుంచి వైనతేయ అనే మరొక పాయ విడిపోయి, ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ పాయల నడుమ ఉన్న నేలే కోనసీమ. పాయలు చాలవన్నట్టు ఆ నేలనిండా కాలవలు, కాలవలనుంచి పిల్లకాలవలు, వాటినుంచి బోదెలు. పటంలో నీలిగీత తగలకుండా వేలు పెట్టడం కష్టం.

ఇటువంటి సీమలో బాటలు ఎక్కడ వేస్తారు? పొలాలన్నీ పల్లం, వానలు పడితే నీరు నిలుస్తుంది. అందుచేత కాలవ తవ్వినప్పుడు వచ్చిన మట్టిని పక్కనే గట్టుగా పోసి, ఆ గట్టునే బాటగా వాడుకున్నారు. ఈనాటికీ డెల్టాలో ఎన్నో రోడ్లు కాలవగట్లే. ఒక వైపు నీళ్ళు, ఒక వైపు వరిచేలు లేదా కొబ్బరితోటలు, మధ్యన బాట. చూడటానికి ఇంతకన్న అందమైన బాట మరొకటి లేదు. కాని ఆ గట్లవెంట తుమ్మచెట్లున్నవి. తుమ్మముల్లు ఎంత గట్టిదో చెప్పులు లేకుండా నడిచినవాడికి తెలుస్తుంది. ఎడ్లబండ్లు ఎక్కువగా తిరిగిన రోజులలో మరొక బెడద ఉండేది. ఎద్దుల కాళ్ళకు కొట్టిన నాడాలు ఊడిపోయి, వాటి మేకులు దారిలో పడి ఉండేవి. ముల్లయినా, మేకయినా గాలి నింపిన చక్రానికి శత్రువే. పంచరు కొట్టు ఉండే ఊరేమో ఒక్కొక్కసారి ఐదారు కిలోమీటర్లు!

అందుకనే పూర్వపు మోటారు సైకిళ్ళవాళ్ళు తమ వెంట గాలిపంపు తప్పకుండా తీసుకుపోయేవారు. ఆ కాలపు ఇంగ్లీషు మోటారు సైకిళ్ళకు చట్రంమీదనే పంపును తగిలించటానికి చిన్న కొక్కేలు ఉండేవి. ఇప్పటి బండ్లకు అవి లేవు. మీలో చాలామంది ఇటువంటి పంపు చూసి కూడా ఉండరు. సన్నని ఇనుపగొట్టం, దానిలో ఒక కడ్డీ, కడ్డీకి ఒక కొసన చెక్కపిడి, మరొక కొసన గిన్నెలాగా ఒంపు తీర్చిన తోలువాషరు. అంతే దాని సరంజామా!

నా దగ్గర ఉన్న పంపు మా మేనమామగారిది. ఆయన పశువుల డాక్టరు. 1967లో ఒక బుల్లెట్ కొన్నారు. బుల్లెట్ ఇంగ్లండులో పుట్టిన బండి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి, దానిని మనదేశంలో తయారుచేయసాగింది. మా మామయ్య బండికి గేర్లు కుడికాలితో వేయాలి, బ్రేకు ఎడమకాలితో తొక్కాలి. ఈ కాలపు కుర్రవాళ్ళెవరన్నా ఎక్కితే, ఆపబోయి గేరు మారుస్తారు! అర్ధరాత్రి ఎవరో వచ్చి, "డాక్టరుగారండీ, గేదె ఈనలేక అవస్థపడుతున్నదండీ!" అని పిలిస్తే, ఆయన లాంతరు, మందులసంచీ, పంపు ఉన్నాయో లేదో చూసుకుని బయలుదేరేవారు. "పంపులేని మోటారు సైకిలూ, గడలేని పడవా ఒకటేరా," అనేవారు. సంతలో బండి దిగితే పంపు విప్పి చంకన పెట్టుకునేవారు. ఎందుకంటే, బండిని తోసుకుపోయే దొంగలు తక్కువగాని, పంపును లాక్కుపోయే దొంగలు ఊరూరా ఉండేవారు.

తమాషా ఏమంటే, గాలిటైరును వాడుకలోకి తెచ్చినవాడు కూడా పశువుల డాక్టరే! ఆయన పేరు జాన్ బాయిడ్ డన్‌లప్. ఐర్లండులో బెల్‌ఫాస్టు అనే పట్నంలో ఉండేవాడు. 1888లో ఆయన తన కొడుకు తొక్కుకునే మూడుచక్రాల బండికి గాలి నింపిన రబ్బరుగొట్టాలు చుట్టి, అది మెత్తగా, తేలికగా పోయేటట్టు చేశాడు. అంతకు ముందు చక్రాలకు గట్టి రబ్బరు ఉండేది. అసలు ఈ ఊహ 1845లోనే రాబర్టు తామ్సన్ అనే స్కాట్లండువాడికి వచ్చింది, హక్కుపత్రం కూడా పుచ్చుకున్నాడు. కాని అప్పటికి తొక్కే సైకిళ్ళే ఇంకా వాడుకలోకి రాలేదు, మోటారు బండ్ల మాట చెప్పనే అక్కర్లేదు. అందువల్ల ఆయన టైరును జనం మరిచిపోయారు.

మొన్న శీతకాలంలో ఆ బుల్లెట్‌మీదనే రాజమహేంద్రవరంనుంచి అంతర్వేదికి పోయాను. సుమారు నూరు కిలోమీటర్ల దారి. బస్సులో పోవచ్చును. కాని బస్సు మనకు కావలసినచోట ఆగదు గదా!

ముందు ధవళేశ్వరం. అక్కడ కాటన్ దొర కట్టించిన ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆ పాత ఆనకట్టకు బదులు తరవాతి కాలంలో కట్టిన బ్యారేజి ఇప్పుడున్నది. దానికి 175 తలుపులు. నది మధ్య లంకలున్నవి గనుక బ్యారేజి నాలుగు ముక్కలుగా ఉంటుంది. దానిమీదుగా రోడ్డు పోతుంది. ఎగువన చూస్తే సముద్రంలాగా నీరు, దిగువన చూస్తే ఇసుకతిన్నెలు. బొబ్బర్లంక దగ్గర ఎడమకు తిరిగితే కాలవగట్టు అందుకుంటాము. పూతరేకులకు పేరుపొందిన ఆత్రేయపురం, ఆ తరవాత లొల్ల లాకులు. లాకుల దగ్గర పెద్దకాలవ చీలి వేరువేరు దిక్కులకు పోతుంది. అక్కడి రావిచెట్ల నీడన ఒక అరగంట కూచుని, రావులపాలెం, కొత్తపేట, అంబాజీపేట దాటి, పి.గన్నవరం వైపు బయలుదేరాను.

పి.గన్నవరం దగ్గర ఒక వింత ఉన్నది. వైనతేయ పాయమీద వంతెన కట్టి, ఆ వంతెనమీద కాలవను పారించారు. కింద నది, పైన కాలవ! దీన్నే అక్విడక్టు అంటారు. పాతది కాటన్ దొర కాలంలోనే కట్టారు. దాని పక్కన తరవాత కొత్తది కట్టారు. ఈ నీటితోనే అవతలి లంకభూములు పండుతున్నవి.

దాన్ని చూసి అవతలికి పోయిన కొంతసేపటికి వెనకచక్రం ఊగులాడసాగింది. గుర్రం కుంటితే రౌతుకు ఎలా తెలుస్తుందో, గాలి దిగితే బండి నడిపేవాడికి అలాగే తెలుస్తుంది. బ్రేకు గట్టిగా వేయకుండా మెల్లగా పక్కకు తీసి, స్టాండు వేశాను. టైరు తిప్పి చూస్తే, నల్లతుమ్మముల్లు!

కాలవలో గాలం వేసుకుని కూచున్న ఇద్దరు కుర్రాళ్ళు లేచి వచ్చారు. పెద్దవాడికి పన్నెండేళ్ళుంటాయి.

"పంచరాండీ?" అన్నాడు.

"పంచరే. సాయం చేస్తారా?"

"ఆయ్!" అన్నారు ఇద్దరూ ఒక్కసారిగా. గోదావరి వాళ్ళం "అవును" అనటం ఇలాగే.

పంచరు వేయటానికి చక్రం అంతా ఊడదీయనక్కర్లేదు. ముల్లు ఉన్నచోటు ఆనవాలు పెట్టుకుని, టైరు ఒకవైపు అంచును లివర్లతో రిమ్ము వెలుపలికి తీసి, ట్యూబులో కావలసిన భాగాన్ని మాత్రం బయటికి లాగితే చాలు. డెల్టాలో ఉన్న సుఖమేమంటే, బెజ్జం వెతకటానికి నీళ్ళకోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. చిన్నవాడు మగ్గుతో కాలవనీళ్ళు తెచ్చాడు. ట్యూబులో కాస్త గాలి కొట్టి, తడిపి చూస్తే బుడగలు తేలాయి. తుడిచి ఆరనిచ్చి, గరుకుకాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది కాస్త ఎండినాక ప్యాచి అంటించాను. తడిమీదా, జిడ్డుమీదా ప్యాచి అంటదు. ఇక ముఖ్యమైన పని ఒకటున్నది. టైరు లోపలివైపు వేళ్ళతో నెమ్మదిగా తడమాలి. ముల్లు మొన విరిగి లోపలే ఉండిపోతే, కొత్త ప్యాచి పక్కనే మళ్ళీ బెజ్జం పడుతుంది. పెద్దవాడి వేళ్ళు నా వేళ్ళకన్న సన్నం. వాడే ఆ విరిగిన మొనను పట్టి బయటికి తీశాడు.

ఇక గాలి కొట్టటం. "ఎన్నిసార్లు కొట్టాలో చెప్పుకోండి చూద్దాం," అన్నాను.

"ఇరవై!" అన్నాడు చిన్నవాడు. "యాభై!" అన్నాడు పెద్దవాడు.

నేను మట్టిమీద పుల్లతో లెక్క వేసి చూపించాను. మీరూ వేయండి. ఈ ట్యూబులో పట్టే చోటు సుమారు 8 లీటర్లు. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరుమీదా సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతున్నది. దీన్ని ఒక వాతావరణం ఒత్తిడి అంటారు. వెనకటైరులో అంతకు పైన ఇంకా రెండు వాతావరణాల ఒత్తిడి కావాలి. మెకానికుల భాషలో 28 పౌండ్లు. అంటే ఆ 8 లీటర్ల చోటులోకి, ముందే ఉన్న గాలి కాక, బయటి గాలి మరో 16 లీటర్లు కుక్కాలి. మన పంపు లోపలి అడ్డుకొలత 2.2 సెంటీమీటర్లు, కడ్డీ జరిగే దూరం 36 సెంటీమీటర్లు. కనుక ఒక్క తోపుకు లోనికి పోయేది 140 ఘనసెంటీమీటర్లకు మించదు. 16,000ను 140తో భాగిస్తే 114. ఇది కాగితంమీది లెక్క. పంపులోనూ, గొట్టంలోనూ కొంత గాలి మిగిలిపోతుంది, కొంత కారిపోతుంది. కనుక 150 అనుకోండి.

"అయితే లావుపాటి పంపు పెట్టుకుంటే తొందరగా అయిపోదాండీ?" అన్నాడు పెద్దవాడు. మంచి ప్రశ్న. ముప్ఫై ఏళ్ళు బడిలో ఉన్నాను, ఇటువంటి ప్రశ్న వచ్చిన రోజున నాకు అన్నం ఎక్కువ సహించేది. పంపు లావైతే తోపులు తగ్గుతాయి, నిజమే. కాని చివరికి వచ్చేసరికి టైరులోని గాలి ఎదురు తిరిగి, ప్రతి చదరపు సెంటీమీటరుకూ రెండు కిలోల చొప్పున కడ్డీని వెనక్కు తోస్తుంది. సన్నపంపు గొట్టం వైశాల్యం నాలుగు చదరపు సెంటీమీటర్లకు లోపే. అంటే ఏడెనిమిది కిలోల బలం చాలు. అదే అయిదు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న పంపయితే దాదాపు నలభై కిలోల బలంతో తోయాలి! మీ బరువంతా వేసి వాలినా అది కదలకపోవచ్చును.

చిన్నవాడు పంపు అందుకుని టకటకా సగంసగం తోపులు కొట్టాడు. మొదట గాలి ఎక్కింది. కొంతసేపటికి ఎంత కొట్టినా టైరు గట్టిపడలేదు. వాడికి రోషం వచ్చి ఇంకా త్వరగా కొట్టాడు. నేను ఆపి, కారణం చెప్పాను. టైరు వాల్వు ఒక తలుపువంటిది. పంపులోని గాలి ఒత్తిడి టైరులోని ఒత్తిడిని మించినప్పుడే ఆ తలుపు తెరుచుకుంటుంది. టైరు నిండవచ్చేసరికి, పంపులోని గాలిని దాదాపు మూడోవంతుకు నొక్కితేగాని తలుపు తీయదు. అంటే కడ్డీ పొడుగులో మూడింట రెండు వంతులు తోసేదాకా లోపలికి ఏమీ పోదు! సగంలో ఆపితే గాలి నొక్కుకుని, మళ్ళీ సాగుతుందంతే. అడుగంటా తోయాలి, నిదానంగా తోయాలి. అప్పటినుంచి వాళ్ళు వంతులు వేసుకుని, ఇరవై ఇరవై చొప్పున లెక్కపెడుతూ కొట్టారు. 146 అయింది!

"బాబోయ్, కాలిపోతున్నదండీ!" అని పెద్దవాడు పంపు కింది కొసను వదిలేశాడు. అది కడ్డీ రాపిడివల్ల వచ్చిన వేడి అనుకుంటారు చాలామంది. రాపిడి కొంత ఉన్నది. కాని అసలు కారణం వేరు. గాలిని ఉన్నట్టుండి నొక్కితే, మనం ఖర్చుచేసిన బలం ఆ గాలిలో వేడిగా మారుతుంది. అందుకే పంపు పైభాగంకన్న, గాలి బాగా నలిగే కింది కొసే ఎక్కువ వేడెక్కుతుంది. ఈసారి మీరు సైకిలుకు గాలి కొట్టినప్పుడు రెండు చోట్లా తాకి చూడండి.

అంత గాలి కొట్టినాక, ఆ బరువైన బండీ నేనూ కలిసి వెనకచక్రం కింద నేలను తాకే చోటు ఎంతో తెలుసునా? వెనకచక్రంమీద సుమారు 140 కిలోలు పడుతుంది. చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలు మోస్తుంది గనుక 70 చదరపు సెంటీమీటర్లు చాలు. అంటే మన అరచేయంత!

కుర్రాళ్ళకు ఏమన్నా ఇద్దామంటే పుచ్చుకోలేదు. పట్టిన చేపల్లో ఒకటి నాకే ఇవ్వబోయారు.

రాజోలు దాటి సఖినేటిపల్లి వైపు పోతుండగా, గట్టుమీద ఒక స్కూటరు పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉన్నది. తెల్లకోటు, భుజాన నీలంరంగు పెట్టె. పల్లెల్లో పిల్లలకు టీకాలు వేసే నర్సమ్మ. ఆ పెట్టెలో మంచుగడ్డల మధ్య టీకా మందులుంటాయి. అవి 2 డిగ్రీలకూ 8 డిగ్రీలకూ మధ్యనే ఉండాలి. మంచు కరిగిపోతే మందు పాడవుతుంది.

"ముందుటైరు దిగిపోయిందండీ, మేష్టారూ. అవతల ఊళ్ళో తల్లులు పిల్లల్ని పట్టుకుని పొద్దుటినుంచీ కూచున్నారు. పంచరు కుర్రాడికి ఫోను చేస్తే గంట పడుతుందన్నాడు," అన్నది. నేను మేష్టరునని ఆమెకెలా తెలిసిందో! ముప్ఫై ఏళ్ళు సుద్దముక్క పట్టుకున్నవాడి వాలకం దాగదు కాబోలు.

టైరు చూశాను. చిన్నమేకు దిగబడి ఉన్నది. అది ట్యూబులేని రకం టైరు. అటువంటి టైరులో మేకును పీకకుండా ఉంచితే గాలి ఒక్కసారి పోదు, మెల్లగా కారుతుంది. టైరు అంచు ఇంకా రిమ్మును వదలలేదు గనుక చేతిపంపుతో నింపటానికి వీలున్నది. వదిలిపోయి ఉంటే మన చేతిపంపు వల్ల అయ్యేది కాదు. ఇక వాల్వు సంగతి. సైకిలు వాల్వు వేరు. కాని మోటారు సైకిళ్ళు, స్కూటర్లు, కార్లు, లారీలు అన్నిటికీ ష్రేడర్ వాల్వు అనే ఒకే రకం వాల్వు ఉంటుంది. అమెరికాలో 1893లో దానికి హక్కుపత్రం పుచ్చుకున్నారు. ఆనాటినుంచి బండ్లు ఎంతగా మారినా, ఆ వాల్వు మరలు మాత్రం మారలేదు. అందుచేత 1967 నాటి పంపుగొట్టం నిన్న మొన్నటి స్కూటరుకు చక్కగా సరిపోయింది!

పెట్టెను చెట్టునీడన పెట్టించి, నేను అరవై తోపులు కొట్టాను. నా వయసుకు అరవై తక్కువేమీ కాదు. మిగతా ముప్ఫై ఆమె కొట్టింది. "మేకు పీకకమ్మా. నెమ్మదిగా పో. పని అయినాక పంచరు వేయించుకో," అని చెప్పి పంపించాను. ఆమె వెనకనే కొంతదూరం పోయాను, ఒకవేళ మళ్ళీ దిగితే కొట్టవచ్చునని. మూడు కిలోమీటర్లు పోయేసరికి, అంగనవాడీ ముందు స్కూటరు ఆగి ఉన్నది. లోపలినుంచి పసిపిల్లల ఏడుపులు వినిపించాయి. పిల్లల ఏడుపు విని నేను సంతోషించటం అదే మొదలు!

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి గుడీ, వసిష్ఠ సముద్రంలో కలిసే చోటూ చూసుకుని, సాయంకాలానికి సఖినేటిపల్లి రేవుకు తిరిగి వచ్చాను. అక్కడ నది దాటి నర్సాపురం పోవటానికి పంటు ఉన్నది. పంటు అంటే మనుషులనూ బండ్లనూ కలిపి ఎక్కించుకుపోయే వెడల్పాటి బల్లకట్టు. పూర్వం రాజమహేంద్రవరం దగ్గర కూడా ఇదే గతి. అక్కడ 1900లో తెరిచిన వంతెన రైళ్ళకు మాత్రమే. రోడ్డూ రైలూ కలిసిన వంతెన 1974లో వచ్చేదాకా, బండ్లను పడవలమీదా పంట్లమీదా దాటించేవారు.

పంటుకు డీజిలు ఇంజను ఉన్నది. పొద్దున కుర్రాడి చెయ్యి కాల్చిన వేడే ఇక్కడ పంటును నడుపుతున్నది! డీజిలు ఇంజనులో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. గాలిని పదిహేను ఇరవైవంతుల్లో ఒక వంతుకు నొక్కేసరికి, అది 500 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి నూనె చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. మన పంపులో గాలి మూడోవంతుకే నలుగుతుంది కనుక చెయ్యి చురుక్కుమని ఊరుకుంటుంది.

ఆ రాత్రి నర్సాపురంలో బస. పంపు విప్పి చూస్తే, తోలువాషరు అంచున అంతర్వేది ఇసుకరేణువులు రెండు మూడు కనిపించాయి. ఆ వాషరులోనే పంపు ప్రాణమంతా ఉన్నది. కడ్డీని లాగినప్పుడు తోలు అంచు ముడుచుకుని గాలిని కిందికి పోనిస్తుంది. తోసినప్పుడు విచ్చుకుని గొట్టానికి అతుక్కుని గాలిని వెనక్కు రానివ్వదు. తోలు ఎండితే కుంచించుకుపోయి, గాలి పక్కనుంచి జారిపోతుంది. ఇసుక పడితే గొట్టం గీరుకుపోతుంది. మెత్తని గుడ్డతో తుడిచి, హోటలు వంటవాణ్ణి అడిగి నాలుగు చుక్కల కొబ్బరినూనె పుచ్చుకుని, తోలుకు పట్టించాను. మా మామయ్య కూడా కొబ్బరినూనే వాడేవారు. కోనసీమలో దానికి కరువేమిటి?

తెల్లవారి లేచి వెనకటైరును బొటనవేలితో నొక్కి చూశాను. ఆ కుర్రాళ్ళు కొట్టిన గాలి ఎక్కడిదక్కడే ఉన్నది.